చిన్నాన్న సౌండ్లు జపాన్‌లో దొరికాయి

జపాన్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్ళు వాడే మాటల్లో నాకు బాగా నచ్చింది ‘జంక్’. ఇంగ్లిష్ మాటే, వాళ్ళ లిపిలో రాసుకుంటారు. మన దగ్గర జంక్ అంటే పాత ఇనుం కొట్టుకి వేసేసేది. అక్కడ దాని అర్థం వేరు. ‘ఇది పనిచేస్తుందో లేదో మేం చూడలేదు, చూసినా హామీ ఇవ్వం, కొన్నాక తిరిగి తీసుకోం’ అని. సరిపడే అడాప్టర్ దొరక్క పరీక్షించలేదంటూ బ్రహ్మాండంగా మోగే సింథసైజర్‌ని కూడా ఆ పేరుతోనే అమ్మేస్తారు. లోపల ఎలకలు కాపురం పెట్టినదాన్నీ ఆ పేరుతోనే అమ్ముతారు. ఫొటో చూసి ఏది ఏదో పోల్చుకోవడం మన అదృష్టం.

2024 జూన్, జులై నెలల్లో ఆఫీసు కాల్స్ అయ్యాక రోజూ రాత్రి నేను చేసిన పని ఇదే, జంక్ జాబితాలు చదవడం. జపనీస్ రాదు. ఫోన్ కెమెరా పెడితే వచ్చే అనువాదంతో నెట్టుకొచ్చాను. ఒకసారి అది ‘ఈ వాద్యం అలిసిపోయింది, దయచేసి అర్థం చేసుకోండి’ అని చూపించింది. చిన్నాన్నకి చెబితే, “నాలాగే ఉన్నాది, కొనీ” అన్నాడు.

చిన్నాన్నది మా గరివిడే. రైలు దిగితే ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీ, శ్రీరామ్‌నగర్, ఇటు చీపురుపల్లి రోడ్డు. ఆ మధ్యలో ఉంటాడు. ఇరవయ్యేళ్ళకి పైగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాడు. పెళ్ళిళ్ళు, గ్రామదేవతల పండగలు, వినాయక చవితి పందిళ్ళు. రాజాం, బొబ్బిలి, పాలకొండ, పార్వతీపురం, ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యాను ఎక్కేస్తాడు. డీజే బాక్సులొచ్చాక పిలుపులు సగం పడిపోయాయి గానీ, “పాత పాటలు కావాలి, లైవ్‌గా కావాలి” అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మీదే బతుకు.

ఆయన దగ్గర ఉన్నది రోలాండ్ ఎక్స్‌పీ-60. 90ల చివర్లో వచ్చిన మోడల్. 2006లో చెన్నైలో ఒక స్టూడియో వాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పిన్ని గాజులు తాకట్టుకి వెళ్ళాయని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పందిళ్ళ దుమ్ము, జనరేటర్ కరెంటు, వ్యాను టాపు మీద ఎండా వానా. అన్నేళ్ళు ఏ వస్తువు మాత్రం తట్టుకుంటుంది? మీటలు బాగానే ఉన్నాయి, తెర వెలుగుతోంది. కానీ అరగంట వాయించేసరికి సౌండు గరగరమని, తర్వాత మాయమైపోతోంది. విశాఖలో ఇద్దరికి చూపించాం. బోర్డు దొరికితే వేస్తామన్నారు. బోర్డు దొరకదు.

కొత్తది కొనేస్తే పోలేదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఒక షాపుకి తీసుకెళ్ళి కొత్త కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. పది నిమిషాలు వాయించి లేచాడు. “బాగుందిరా. కానీ ఇది ఎవరిదో ఇల్లు. నా సౌండ్లు నాకు గావాల.”

ఆ మాట అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. ఆ కీబోర్డులో మనం సొంతంగా తయారు చేసుకున్న సౌండ్లు 128 దాచుకోవచ్చు. చిన్నాన్న 18 ఏళ్ళలో ఆ 128 గదులూ నింపేశాడు. పేర్లు చిన్న తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి: సన్నాయి-2, సుశీల వీణ, జాతర డప్పు, గుళ్ళు-3. ఈ చివరిది తప్పెటగుళ్ళ కోసం. గుండెకి కట్టుకుని వాయించే ఆ తప్పెట దెబ్బ ఏ కంపెనీ కీబోర్డులోనూ రాదు. ఈయన రెండు మూడు చర్మవాద్యాల ధ్వనుల్ని కలిపి, పైన చిన్న గజ్జెల చప్పుడు వేసి, రాత్రుళ్ళు కూర్చుని తయారు చేసుకున్నాడు. పిలిచేవాళ్ళు ఈయన్ని పిలిచేది అందుకే. ఆ పెట్టె చచ్చిపోతే ఇవన్నీ పోతాయి. “ఈ పైడితల్లమ్మ పండగ అయిపోనాక మానేస్తాను” అని పిన్నితో అన్నాడట. మానేసి ఏం చేస్తాడు? ఏభై నాలుగేళ్ళ వయసులో, అపార్ట్‌మెంటు కాపలా ఉద్యోగం ఎవరో చూస్తామన్నారట. ఇది నాకు పిన్ని ఫోన్లో చెప్పింది, ఆయన చెప్పలేదు.

నా మొదటి ఆలోచన ల్యాప్‌టాప్. అదే సౌండ్ల సాఫ్ట్‌వేర్ రోలాండ్ వాళ్ళే నెల చందాకి ఇస్తున్నారు. బీటెక్ చదివి, రోజంతా సర్వర్లతో కుస్తీ పట్టేవాణ్ణి, నాకు అది సహజంగా తోచింది. చిన్నాన్న విని నవ్వాడు. “పాట మధ్యలో నీ కంప్యూటరు అప్‌డేట్ అంటాది. అమ్మోరి పండగలో జనం ఊరుకుంటారేటి?” నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. ఆన్ చేస్తే పది సెకన్లలో పాడే పెట్టెకీ, ఇంటర్నెట్ లేకపోతే లాగిన్ అడిగే పెట్టెకీ తేడా స్టేజీ మీద ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

అప్పుడు దొరికిన దారి ఇది. రోలాండ్ 1994లో జేవీ-1080 అని ఒక పెట్టె చేసింది. మీటలుండవు, మూడంగుళాల పైచిలుకు ఎత్తున్న బల్లపరుపు ఇనప డబ్బా. ఎక్స్‌పీ-60 లోపలి ధ్వని యంత్రం దాదాపు దాని వంశమే. అంటే చిన్నాన్న పాత కీబోర్డుని చేతుల కింద మీటల పలకగా ఉంచేసి, మిడి కేబుల్‌తో ఈ డబ్బాకి కలిపితే గొంతు మాత్రం కొత్తగా వస్తుంది. డబ్బా తేలిక కాబట్టి పార్సెల్ ఖర్చు తక్కువ. పూర్తి కీబోర్డు తెప్పించాలంటే బరువు ఒక బాధ, పైగా 90ల నాటి కొన్ని రోలాండ్ కీబోర్డుల్లో మీటల కింద బరువులు అంటించిన ఎర్ర జిగురు ఏళ్ళు గడిచాక కరిగి కారుతుంది. జపాన్ చలిలో ఓర్చుకున్నది మన మే నెలలో ఓర్చుకుంటుందా?

ఒక మెలిక ఉంది. చిన్నాన్న సౌండ్లలో ముప్ఫై దాకా అసలు కీబోర్డువి కావు, లోపల బిగించిన అదనపు బోర్డువి. ఎస్ఆర్-జేవీ80-14, ఆసియా వాద్యాల బోర్డు. అది లేని డబ్బాలో ఆ ముప్ఫై సౌండ్లూ మూగవైపోతాయి. అంటే నాకు కావలసింది జేవీ-1080 ఒక్కటే కాదు, ఆ బోర్డు కడుపులో ఉన్న జేవీ-1080. అందుకే అన్ని రాత్రులు.

వెతుకుతుంటే ప్రపంచం ఎంత చిన్నదో తెలిసింది. అమెరికాలో వాడిన వాద్యాలకి పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంతలున్నాయి, కానీ అక్కడ అందరికీ ధరలు తెలుసు, బేరం ఉండదు. జర్మనీలో థోమన్ అని ఒక దుకాణం ఉంది, 1954 నుంచి ఉంది, ట్రెప్పెన్‌డార్ఫ్ అనే పల్లెలో. మ్యాపులో చూశాను, మా చుట్టుపక్కల ఊళ్ళే నయం. ఆ పల్లె నుంచి ప్రపంచమంతా కీబోర్డులు పంపుతున్నారు. అయితే వాళ్ళ బలం కొత్త సరుకు. పాత రోలాండ్‌కి పుట్టిల్లు జపానే. అక్కడ పాత వస్తువు కొన్నవాళ్ళు డబ్బా, మాన్యువల్ కూడా దాచుకుని అమ్ముతారు. పైగా ఆ ఏడాది యెన్ పడిపోయింది, 1986 తర్వాత అంత కింద ఎప్పుడూ లేదు. యెన్‌కి 53 పైసలు లెక్కన పడింది నాకు.

బయటి నుంచి వాద్యం తెప్పించుకోవడం మనకి కొత్తేమీ కాదు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆయన చేతిలోని ఫిడేలు యూరప్ వాద్యమే. ఈరోజు దాన్ని ఎవరైనా విదేశీ అంటారా? సింథసైజర్ల కథ సూట్‌కేసుల కథ. బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు రోలాండ్ పెట్టెలు సింగపూర్‌లో కొనుక్కొచ్చి, 1982లో వాటి మీద పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్ళీ విడుదలైతే యూరప్ కుర్రాళ్ళు ఎగబడ్డారు. రెహమాన్ వాళ్ళ నాన్న ఆర్.కె. శేఖర్ పోయాక, ఆయన వాద్యాలు అద్దెకిచ్చి ఆ కుటుంబం బతికింది. తర్వాత రెహమాన్ కీబోర్డు వాయించిన చోట్లలో రాజ్-కోటి గారి దగ్గర ఒకటి. ఆ కోటి గారి నాన్న సాలూరి రాజేశ్వరరావు గారిది మా వైపే, సాలూరు దగ్గర శివరామపురం. ఈ సంగతి చిన్నాన్న ఏ వ్యాను ప్రయాణంలోనైనా కనీసం ఒకసారి చెబుతాడు.

జులై మూడో వారంలో దొరికింది. పశ్చిమ జపాన్‌లో ఒక చిన్న దుకాణం. పై మూత తీసి లోపలి ఫొటో కూడా పెట్టాడు మహానుభావుడు. ఫొటో పెద్దది చేసి చూస్తే ఒక బోర్డు మీద 14 కనిపించింది. ‘జంక్’ అని రాయలేదు. ‘ధ్వని పరీక్షించాం, గీతలున్నాయి, లోపలి బ్యాటరీ అయిపోయింది’ అని రాశాడు. ఇలా తప్పులు ముందే చెప్పేవాడి దగ్గర కొనడం నా పద్ధతి. ‘సూపర్ కండిషన్’ అని ఒక్క ముక్క రాసి, వంకర ఫొటో పెట్టేవాడి దగ్గర రూపాయి తక్కువైనా వద్దు.

ధర 36,000 యెన్లు, అంటే 19,080 రూపాయలు. ఆ దుకాణం దేశం బయటికి పంపదు. మన తరఫున కొని, వాళ్ళ గోడౌన్‌లో పెట్టుకుని, మనకి పంపే మధ్యవర్తి సైట్లు జపాన్‌లో చాలా ఉన్నాయి. వాళ్ళ రుసుము, అక్కడి లోకల్ రవాణా కలిపి 1,100. ఇండియాకి పోస్టులో 7,420. కార్డు మీద విదేశీ మారకం ఖర్చు 900 దాకా. మీలో ఎవరికైనా పేమెంట్ ఫెయిల్ అయితే కంగారు పడకండి, 2020 నుంచి మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి.

మధ్యవర్తి సైటు ఒక ఫారం నింపమంది, వస్తువు ఏమిటి, విలువ ఎంత అని. ఇక్కడే చాలామంది తెలివి చూపిస్తారు. ‘గిఫ్ట్’ అని రాయడం, 36,000ని 6,000 చేయడం. నా ఫ్రెండు ఒకడు అదే చేయమన్నాడు. అది చట్టవిరుద్ధం అన్న సంగతి అటుంచండి, దారిలో పార్సెల్ పోతే బీమా వచ్చేది మనం రాసిన 6,000కే. చిన్నాన్న సౌండ్ల విలువ అంత తక్కువా? ఉన్నది ఉన్నట్టు రాశాను, బిల్లు జత చేశాను.

ఇక కస్టమ్స్ లెక్క. దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. సుంకం వస్తువు ధర మీద మాత్రమే వేయరు. ధరకి రవాణా, బీమా కలుపుతారు. నా విషయంలో 19,080కి 7,420 కలిపితే 26,500. దాని మీద కస్టమ్స్ సుంకం. ఆ సుంకం మీద సంక్షేమ సర్‌చార్జి. ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ. పన్ను మీద పన్ను, దాని మీద పన్ను, మా అమ్మమ్మ బొబ్బట్టు మీద నెయ్యి వేసినట్టు. నాకు 8,210 పడింది. మీకూ ఇదే లెక్క వస్తుందనుకోకండి. అదే పెట్టెని వాద్యం పద్దులో వేస్తే ఒక రేటు, వ్యక్తిగత దిగుమతి పద్దులో వేస్తే ఇంకో రేటు, పైగా బడ్జెట్ బడ్జెట్‌కీ మారుతుంది. కొనే ముందు ధరకి సగం పక్కన పెట్టుకుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. బ్లూటూత్ ఉన్న పెట్టెలైతే ఇంకో తలనొప్పి, వైర్‌లెస్ పరికరాల దిగుమతికి కేంద్ర టెలికాం శాఖ విభాగం అనుమతి నియమాలున్నాయి. 1994 నాటి డబ్బాలో బ్లూటూత్ ఎక్కడిది? పాతదానికి ఇదో సుఖం.

ఒక తమాషా చూడండి. చేత్తో చేసిన మన దేశీయ వాద్యాలకి జీఎస్టీ లేదు. మా పక్కనే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చెక్కిన వీణ కొంటే పన్ను సున్నా. అదే వీణ సౌండుని చిప్పులో పెట్టుకున్న డబ్బాకి ఎనిమిది వేలు. నాకు దీనిమీద కోపమేం లేదు. గొల్లపల్లి వాళ్ళకి ఆ మాత్రం దన్ను ఉండాల్సిందే.

ఇంకో మార్గం కూడా ఉంది, మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన మార్గం. ఇక్కణ్ణుంచి ఆవకాయ, కందిపొడి వెళ్తాయి, అక్కణ్ణుంచి సూట్‌కేసులో సామాను వస్తుంది. 2016 నిబంధనల ప్రకారం అప్పటికి చాలా దేశాల నుంచి వచ్చే మనవాళ్ళు 50,000 రూపాయల దాకా సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. డల్లాస్‌లో ఉన్న మా బావ డిసెంబర్‌లో వస్తానన్నాడు. కానీ 2024లో సిరిమానోత్సవం అక్టోబర్ 15. డిసెంబర్ దాకా ఆగితే చిన్నాన్న ఆగడు.

డబ్బు దగ్గర చిన్న యుద్ధం జరిగింది. నేను ఇచ్చేస్తానన్నాను. “నీ దగ్గర ఊరికే తీసుకుంటే ఆ పెట్టి మీద నా సెయ్యి ఆడదురా. నెలకి మూడేలు ఇస్తాను” అన్నాడు. పిన్ని లోపల్నించి “ఒప్పుకోరా బాబూ, లేకపోతే అన్నం తినడు” అంది. ఒప్పుకున్నాను.

పార్సెల్ కదులుతున్నంతసేపూ చేయాల్సిన అసలు పని ఇక్కడ ఉంది. పాత కీబోర్డులో ఉన్న 128 సౌండ్లని బయటికి తీయడం. ఇందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతే దిక్కు. అప్పట్లో రోలాండ్ స్థాపకుడు కకెహాషీ, అమెరికాలో డేవ్ స్మిత్, పోటీ కంపెనీల వాళ్ళయినా అందరి వాద్యాలూ మాట్లాడుకునే ఒక భాష ఉండాలని పూనుకున్నారు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ భాష వేగం సెకనుకి 31,250 బిట్లు, మన ఫోన్ల పక్కన నత్త. కానీ నలభై ఏళ్ళ తర్వాత కూడా మా ఇంట్లో నా ల్యాప్‌టాప్, ఆయన పాత కీబోర్డు ఐదు పిన్నుల కేబుల్‌తో మొదటిసారే మాట్లాడుకున్నాయి. నేను ఆఫీసులో మూడేళ్ళ కిందట రాసిన కోడ్ ఈరోజు నడవదు.

కీబోర్డు చల్లగా ఉండాలని తెల్లారుజామున ఐదింటికి మొదలెట్టాం. డేటా పంపు అని నొక్కాడు. స్క్రీన్ మీద అంకెలు పారాయి. 18 ఏళ్ళ పని నిమిషంలో నా దగ్గరికి వచ్చేసింది. ఫైలు సైజు చూసి నాకే నమ్మకం కలగలేదు. మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కన్నా చిన్నది. “అంతేనేటి?” అన్నాడు చిన్నాన్న. కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కూడా అనిపించింది. మూడు చోట్ల కాపీ పెట్టాను, ఒకటి పిన్ని ఫోన్లో.

ఆగస్టు ఆఖర్లో పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. సుంకం డబ్బు లెక్కపెట్టుకుంటూ, “జపాన్ నుంచి ఏటొచ్చిందండీ?” అని అడిగాడు. “గొంతు” అన్నాడు చిన్నాన్న. ఆయన అయోమయంగా చూసి రసీదు ఇచ్చి వెళ్ళిపోయాడు.

డబ్బా విప్పగానే ప్లగ్గు పెట్టేయకూడదు. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే జంక్ అన్న మాటకి మన అర్థం వచ్చేస్తుంది. బజారులో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువగా 110 వోల్టులవి. అదీ పనిచేయొచ్చు, కానీ మన లైను వోల్టేజి ఎక్కినప్పుడల్లా దానితో పాటు అదీ ఎక్కుతుంది. చిన్నాన్న స్నేహితుడికి చీపురుపల్లిలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. పొలం మోటార్లు చుట్టేవాడికి ఇదొక ఆట. కచ్చితంగా 100 వోల్టులు వచ్చేలా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, ఇనప పెట్టెలో బిగించి, ఫ్యూజు పెట్టి ఇచ్చాడు. 1,400. దానిమీద ఎర్ర పెయింటుతో ‘జపాన్’ అని రాశాడు, ఇంకెవరూ మిక్సీ పెట్టకుండా.

లోపలి గుండీ బ్యాటరీ మార్చాం, సీఆర్2032, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. అది లేకపోతే స్విచ్ తీసేసరికి సౌండ్లన్నీ మర్చిపోతుంది. ఫైలు ఎక్కించాను. చిన్నాన్న ముందు సన్నాయి మీద చెయ్యి పెట్టలేదు, వీణ మీద పెట్టలేదు. నేరుగా గుళ్ళు-3కి వెళ్ళాడు. రెండు చేతులా దరువేశాడు. కాసేపు విని, “గజ్జి కొంచిం పదునుగా ఉన్నాదిరా ఇందులో” అన్నాడు. నాకు రెండూ ఒకటే వినిపించాయి. ఆయన బొత్తాలు నొక్కి ఏదో సర్ది, మళ్ళీ వాయించి, తలూపాడు. పిన్ని వంటింట్లోంచి ఏమీ అనలేదు, స్టవ్ మాత్రం ఆపేసింది.

మొత్తం ఖర్చు 38,110 రూపాయలు.

పండగ వారంలో విజయనగరంలో రెండు ప్రోగ్రాములు దొరికాయి. నేను వెనక నిలబడి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ కుర్చీ కింద, దాని మీద తడి గుడ్డ పడకుండా ఒక ప్లాస్టిక్ బుట్ట బోర్లించారు. సుశీల గారి పాటలు నాలుగు, ఘంటసాల గారివి రెండు, తర్వాత కుర్రాళ్ళు అరిస్తే కొత్తవి. కీబోర్డు మారిందని గానీ, గొంతు జపాన్ నుంచి వచ్చిందని గానీ ఒక్కరూ గమనించలేదు. మాకు కావలసింది అదే.

ఇప్పుడు నా ఫోన్‌కి తెలియని నంబర్ల నుంచి కాల్స్ వస్తున్నాయి. రాజాంలో ఒకాయనకి ఫ్లాపీ డ్రైవ్ కావాలి, పార్వతీపురంలో ఒకాయన డీ-50కి మీటలు విరిగాయి, సోంపేటలో ఒక కుర్రాడు తాపీపని చేస్తూ మొదటి సింథసైజర్ కొనుక్కోవాలనుకుంటున్నాడు. ఆ కుర్రాడికి యూఎస్‌బీతో నడిచే చిన్నది చూసిపెట్టాను, వోల్టేజి గొడవ లేకుండా. చిన్నాన్న నెలనెలా ఒకటో తారీఖున మూడు వేలు ఫోన్‌పే చేస్తాడు, కింద ‘పెట్టి’ అని రాసి. పెళ్ళిళ్ళ సీజన్లో ఒకసారి ఆరు వేలు వేసి, పక్క నెల వేయలేదు. అడగలేదు నేను. ఆయనే ఫోన్ చేసి లెక్క చెప్పాడు.